పేరాలో లేనిది

“—అలా అని పేరాలో ఎక్కడుంది అత్తయ్యా?”

“ఎక్కడో ఉండక్కర్లేదు. వాడి మాటతీరు చూస్తే తెలియడం లేదూ? దొంగ ఆ యజమానే.”

“తన కొట్లో తనే దొంగతనం చేసుకుంటాడా ఎవరైనా?”

“ఎందుకు చేసుకుంటాడో వాణ్ణడుగు. నన్నడుగుతావేం?”

మెట్లెక్కి వస్తున్న కొడుకు కింది మలుపులోనే ఈ గొడవ విన్నాడు. ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే మనిషి, లిఫ్టు లేని మేడలో అన్నిటికన్నా పై అంతస్తులో కాపురం ఉంటున్నాడు. పనిముట్ల సంచి గుమ్మం పక్కన దించి, గొడవ తనకు పట్టనట్టు, “అమ్మా, నా రేపటి చొక్కా ఎక్కడ?” అన్నాడు.

“అల్మారాలో. రోజూ ఉండేచోటే.”

“రోజూ ఎక్కడుంటుంది?”

తల్లి పుస్తకం బోర్లించి లేచి, చొక్కా తీసిచ్చి వచ్చి కూర్చుంది. అల్మారా తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా మీ అబ్బాయికి తెలియదని కోడలు నవ్వింది.

గొడవ పెద్దదేం కాదు, పరీక్ష గైడులో ఒక ప్రశ్న మీద. ఒక కొట్లో కెమెరా పెట్టిన నెలలో దొంగతనాలు తగ్గాయి. కెమెరా వల్లే తగ్గాయని యజమాని అంటున్నాడు. కింద ఇచ్చిన నాలుగింటిలో ఏది నిజమైతే అతని వాదన బలహీనపడుతుందో చెప్పాలి. అదే నెలలో కొట్టు వెనక తలుపు తీసేసి గోడ కట్టారన్నది మూడో జవాబు. కోడలు కుట్టుమిషను తొక్కుతూనే అది చెప్పేసింది. అత్తకి ఆ నాలుగు జవాబుల్లో ఒక్కటీ నచ్చలేదు. ఐదోది ఉండాలంది.

ఆ వీధిలో ఆమెని చెకింగమ్మ అంటారు. ఉద్యోగం మానేసి ఏళ్ళయినా ఆ పేరు పోలేదు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ గేటు దగ్గర తనిఖీ ఆమె పని. భర్త పోయిన ఏడాది చేరి, జుట్టు నెరిసేదాకా ఆ గేటు పక్కన ఇనప కుర్చీలోనే కూర్చుంది. షిఫ్టు అయ్యాక బయటికి వెళ్ళే ప్రతి మనిషీ ఆమె పట్టుకున్న గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఒక గుండీ తీయాలి. తెల్లది వస్తే ఇంటికి. ఎర్రది వస్తే తెర వెనక్కి. తెర వెనక ఒక బల్ల ఉండేది. ఎవరి సంచిలోవి వాళ్ళే తీసి దాని మీద పెట్టాలి. చెకింగు మనిషి చెయ్యి పెట్టకూడదు. పెడితే, నువ్వే వేసి నువ్వే తీశావంటారు.

సంచిలో తెల్ల గుండీలు బోలెడు, ఎర్రవి కొన్ని. కావాలని ఎవరినో పట్టారనే మాట రాకుండా యాజమాన్యం పెట్టిన పద్ధతి అది. అంటే తన మీద కూడా నమ్మకం లేక చేతికిచ్చిన సంచి అని ఆమెకి మొదట్లోనే అర్థమైంది. అందుకని సంచి పట్టుకునేది గానీ, నమ్ముకున్నది మాత్రం కళ్ళని. గేటు దగ్గరికి రాగానే నడక మార్చినవాళ్ళు, అవసరం లేకుండా ఆరోగ్యం అడిగినవాళ్ళు, టిఫిను డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నవాళ్ళు, అందరూ ఆమెకి గుర్తుండిపోయేవాళ్ళు. ఒకసారి యజమాని మరదలు చేతిలో సంచితో ఆ గేటులోంచి వెళ్ళబోయింది. చెకింగమ్మ గుండీల సంచి ముందుకి చాపింది. నేనెవరో తెలుసా అని ఆవిడ అడిగింది. తెలుసు, చెయ్యి పెట్టండి అని ఈమె అంది. ఆ మర్నాటి నుంచి ఆమెని కత్తిరింపు గదిలో పీలికలు ఏరే పనికి మార్చారు. కొన్నాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పకుండానే మళ్ళీ గేటు దగ్గర కుర్చీ వేశారు.

ఆమె మానేసే నాటికి సంచి పోయి, మీట నొక్కితే ఎర్రదో పచ్చదో దీపం వెలిగే యంత్రం వచ్చింది. పాత సంచిని చెత్తలో పారేయబోతుంటే అడిగి ఇంటికి తెచ్చుకుని, వంటగది తలుపు పక్క మేకుకి తగిలించింది. కోడలు ఇంట్లోనే మిషను పెట్టుకుని స్కూలు పిల్లల చొక్కాలు, ప్యాంట్లు కుడుతుంది. గుండీ తక్కువైనప్పుడల్లా పోయి ఆ సంచిలో చెయ్యి పెట్టేది. మొదట్లో అత్త మొహం చిట్లించింది. తర్వాత్తర్వాత తనే అందించడం మొదలుపెట్టింది.

కోడలు లా చదవాలనుకుంటోందని అత్తకి ఎవరూ చెప్పలేదు. తనే పట్టుకుంది. అల్మారాలో దుప్పట్ల మడతలు ఒకరోజు ఎత్తుగా కనిపించాయి. కింద చెయ్యి పెడితే లావుపాటి గైడ్లు రెండు దొరికాయి. ఒకదాని మీద లా ఎంట్రెన్స్ అని, రెండోదాని మీద లాజికల్ రీజనింగ్ అని ఉంది. దాచిందంటే చెప్పకూడనిది ఏదో ఉంది. లా గురించి చెప్పకూడనిది అంటే కేసు. కేసంటే ఎవరి మీద? ఈ ఇంట్లో ఉన్నదే ముగ్గురు. ఆమె మనసులో విచారణ అక్కడితో పూర్తయింది.

కూతురికి ఫోను చేసి చెబితే, అది ఇంకాస్త ఎగదోసింది. లా చదివిన మనిషి రాసే మొదటి నోటీసు మనింటికే వస్తుంది చూస్తూ ఉండమంది. తమ్ముడికి కూడా విడిగా ఫోను చేసి అదే చెప్పింది. కొడుకు మాత్రం చదువుకోనీ, తప్పేముంది అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా మిషను పక్కకి ఒక కొత్త టేబుల్ లైటు కూడా కొనుక్కొచ్చాడు. కోడలు దాచినందుకు కారణం చెప్పింది. పాసవకపోతే అందరూ నవ్వుతారని భయపడిందట. ఊళ్ళోనే సాయంత్రం నడిచే లా కాలేజీ ఉంది, సీటొస్తే అందులోనే చేరతాను, మిషను మానను, ఇల్లు కదలను అని మాటిచ్చింది. అత్త విన్నది గానీ నమ్మలేదు. నవ్వుతారని భయపడే మనిషి అంత లావు పుస్తకాలు కొంటుందా అనుకుంది.

నమ్మకం లేనప్పుడు దగ్గరుండి చూడాలి. చేతులు మిషను మీద ఉంటే కళ్ళు పుస్తకంలో ఎలా పెడతావు, నేను చదివి వినిపిస్తానులే అని తనే ముందుకొచ్చింది. కోడలు వంచిన తల ఎత్తకుండా సరేనంది. ఆ సరేనన్న తీరు కూడా అత్తకి అనుమానంగానే తోచింది.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త కళ్ళజోడు తుడుచుకుని, గేటు దగ్గర పేర్లు పిలిచినట్టు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చదివేది. కోడలు తొక్కుడు ఆపకుండా జవాబు చెప్పేది. సరిగ్గా చెబితే అత్త పుస్తకం వెనక్కి తిప్పి, జవాబుల పేజీ చూసి, ఒకసారి కోడలి మొహం వైపు కూడా చూసేది. ముందే చూసిపెట్టుకుందేమోనని కొన్నాళ్ళు మధ్యలోంచి, వెనకనుంచి ప్రశ్నలు ఏరి అడిగింది. అప్పుడూ కోడలు చెప్పేసేది.

తర్వాత తను కూడా జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కటీ సరిపోయేది కాదు. కొత్త మందు మంచిదని చెప్పే డాక్టరుకి ఆ కంపెనీలో వాటా ఉందనేది. చెట్లు నరకొద్దనే సంఘం పెద్ద ఆ పక్కనే స్థలం కొనిపెట్టుకున్నాడనేది. పేరాలో ఉన్నవాళ్ళందరినీ ఆమె తెర వెనక్కి పంపేది.

“పేరాలో చెప్పింది నిజమనుకోవాలండీ,” అని కోడలు ఓపిగ్గా చెప్పేది. “దాన్నుంచి ఏం తేలుతుందో అంతవరకే చూడాలి.”

“నిజమని ఎవరన్నారు?”

“ప్రశ్న రాసినవాళ్ళు.”

“వాళ్ళని ఎవరు చెక్ చేశారు?”

ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఇద్దరికీ పెద్ద పేచీయే వచ్చింది. ఆఫీసు గది తాళంచెవి గుమాస్తా దగ్గరే ఉంటుంది. గదిలో గోడ గడియారం పోయింది. కాబట్టి గుమాస్తాయే తీశాడు. ఈ వాదనలో పైకి చెప్పకుండా అనుకున్నది ఏమిటి? గుమాస్తాకి గడియారం మీద కన్నుందన్నది అత్త జవాబు. తాళంచెవి లేకుండా ఆ గదిలోకి పోయే దారి ఇంకొకటి లేదన్నది పుస్తకం జవాబు.

“మొహం చూస్తే తెలిసిపోతుందమ్మాయ్,” అంది అత్త.

“ఇక్కడ మొహం లేదత్తయ్యా. వాక్యాలే ఉన్నాయి. వాళ్ళు చెప్పకుండా దేన్ని అనుకున్నారో పట్టుకుంటే చాలు. మనిషిని పట్టుకోనక్కర్లేదు.”

అత్త పుస్తకం మూసేసింది. కోడలు సరుకులకి వెళ్ళినప్పుడు ఆ పేజీ మళ్ళీ తీసి చదువుకుంది. గుమాస్తా మీద అనుమానం పోలేదు గానీ, ఆ గదికి కిటికీ ఉందో లేదో ఎవరూ రాయలేదన్న సంగతి ఆమెని కాస్త ఇబ్బంది పెట్టింది.

పరీక్ష ఆదివారం. హాల్ టికెట్ నెట్‌లోంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. దానితోపాటు అసలు గుర్తింపు కార్డు కూడా చూపించాలి. నకలు పనికిరాదు. పోయిందంటే కొత్తది రావడానికి వారాలు పడుతుంది. కోడలి కార్డు అల్మారా పై అరలో, పాత పెళ్ళి ఫొటోల కవరులో ఉండేది. గురువారం సాయంత్రం కవరు తీస్తే ఫొటోలున్నాయి, కార్డు లేదు.

కోడలు అల్మారా అంతా కిందికి దించింది. దుప్పట్లు విదిలించింది. అరల్లో పరిచిన కాగితాలు ఎత్తి చూసింది. అప్పటికింకా పని నుంచి రాని మొగుడికి ఫోను చేస్తే, అక్కడే ఎక్కడో ఉంటుంది, సరిగ్గా చూడమన్నాడు. అన్నీ మళ్ళీ సర్దేశాక ఆమె వచ్చి అత్త ఎదురుగా నిలబడింది.

“అత్తయ్యా, మీరేమైనా పొరపాటున తీసి ఎక్కడైనా పెట్టారా?”

“నేను తీస్తే చెప్పి తీస్తాను.”

“గైడ్లు చెప్పి తీశారా?”

మాట మెత్తగానే అంది. అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. అత్త గుమ్మం వైపు చూస్తూ కూర్చుండిపోయింది. గేటు దగ్గర ఉన్నన్నాళ్ళూ ఎదుటివాళ్ళ మీద తను పెట్టిన చూపే ఇప్పుడు కోడలిది. ఇంతవరకూ ఎవరూ ఆమె వైపు అలా చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పుస్తకం ఆమె చేతికి రాలేదు. కోడలు దాన్ని మిషను మీదే తెరిచిపెట్టుకుని, గుడ్డ మీదికీ పేజీ మీదికీ తల తిప్పుకుంటూ మనసులోనే చదువుకుంటోంది. అల్మారాకి తాళం పడింది. తాళంచెవి కొలతల టేపుకి కట్టి కోడలు మెడలో వేసుకుంది. కార్డు లేకుండా ఆ చదువు ఎందుకో అత్తకి అర్థం కాలేదు. అర్థం కాకపోయేసరికి పాత బుద్ధి పనిచేసింది. పరీక్షంటే భయమేసి తనే దాచి, నెపం నా మీదికి నెడుతోందా? మొహం చూసింది. మొహంలో ఏమీ దొరకలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భయపడినవాళ్ళకీ అలాగే ఉంటాయి, ఏడ్చినవాళ్ళకీ అలాగే ఉంటాయి.

మొహం వదిలేసి వాక్యాలు పట్టుకుంది. కార్డు అల్మారాలో ఉంది. అల్మారా తెరిచేది నేనూ, కోడలూ. కోడలు తీయలేదంటోంది. కాబట్టి నేనే తీశాను. కోడలి వాదన ఇది. చక్కగా ఉంది. తను తీయలేదన్నది తనకి తెలుసు గానీ, ఆ మాట పేరాలో రాదు. మరి ఇందులో చెప్పకుండా అనుకున్నది ఏమిటి?

ఆ అల్మారా ఇంకెవరూ తెరవరని.

ఎందుకనుకున్నాం? వాడు తెరవడు గనక. చొక్కా ఎక్కడుందని ఇల్లెగిరిపోయేలా అడుగుతాడు గనక. ప్రతిరోజూ అడుగుతాడు. ఆమె వేళ్ళు కుర్చీ చేతి మీద ఆగిపోయాయి. మంగళవారం రాత్రి అడగలేదు. బుధవారం పొద్దున కూడా అడగలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి బయటికి వచ్చాడు. టీ ఇస్తూ, ఇవాళ మా వాడు బుద్ధిమంతుడయ్యాడని ఆమె నవ్వింది కూడా.

చొక్కా తీసుకున్నంత మాత్రాన కార్డు తీసినట్టు కాదు. ఆ మాత్రం ఆమెకిప్పుడు తెలుసు. తలుపు తెరిచాడన్నంతవరకే తేలింది. అక్కడ ఆగిపోవాలి. కొడుకు కాబట్టి అక్కడే ఆగిపోతున్నానా అని కూడా అనుకుంది. డాక్టర్లనీ, సంఘం పెద్దలనీ, కోడల్నీ వదల్లేదు. టేబుల్ లైటు కొనుక్కొచ్చిన మనిషి జోలికి మాత్రం ఒక్కసారీ పోలేదు.

కూతురికి ఫోను చేసింది. తమ్ముడితో ఏం మాట్లాడావని ఆరా తీసింది. ఏం మాట్లాడలేదు, ఎందుకడుగుతున్నావని కూతురు ఎదురు ప్రశ్న వేసింది. తెల్లదో ఎర్రదో తేలకుండానే ఫోను పెట్టేసింది.

శనివారం కొడుక్కి ఒంటిపూట పని. అతను వచ్చి, పనిముట్ల సంచి గుమ్మం పక్కన దించేసరికి తల్లి హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో గుండీల సంచి. ఎదురుగా భోజనాల బల్ల మీద ఏమీ లేకుండా తుడిచి ఉంది. కోడల్ని మిషను దగ్గర్నుంచి పిలిచింది.

“ఇంట్లో వస్తువు పోయింది. ఇక్కడున్నది ముగ్గురం. గేటు పద్ధతిలో చూద్దాం.”

“ఇదేం ఆటమ్మా?” అన్నాడు కొడుకు. “ఆకలేస్తోంది.”

“ఆట కాదు. ముందు నేనే తీస్తాను.”

సంచిలో చెయ్యి పెట్టి తీసింది. ఎర్ర గుండీ. బల్ల మీద పెట్టి, లేచి, మంచం కింది నుంచి తన పెట్టె ఈడ్చుకొచ్చింది. ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. రెండు శాలువాలు, మందుల డబ్బా, ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన గోడ గడియారం, మొగుడి కళ్ళజోడు, కూతురి చిన్నప్పటి స్వెట్టరు. ఖాళీ పెట్టెని కోడలి వైపు వంచి అడుగు చూపించింది. కోడలు చూడనన్నట్టు తల పక్కకి తిప్పుకుంది.

“చూడమ్మాయ్. చూడకపోతే చెక్ చేసినట్టు కాదు.”

కోడలు చూసింది. తర్వాత తను చెయ్యి పెట్టింది. ఎర్రదే. కుట్టు బుట్ట తెచ్చి బోర్లించింది. దారపు రీళ్ళు, కత్తెరలు, సుద్దముక్కలు, జిప్పులు. కార్డు లేదు.

సంచి కొడుకు వైపు తిరిగింది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నా మీద కూడా అనుమానమేనా?”

“గేటు దాటే ప్రతి మనిషీ చెయ్యి పెట్టాలి. నీకు గుర్తుందిగా, దీని కోసం నన్ను పీలికల్లోకి నెట్టారు.”

అతను చెయ్యి పెట్టాడు. ఎర్రది వచ్చింది. దాన్ని చూసి, సంచి లాక్కుని లోపలికి తొంగిచూశాడు.

“అన్నీ ఎర్రవే కదే అమ్మా ఇందులో.”

“తెల్లవన్నీ స్కూలు చొక్కాలకి పోయాయి. ఎర్రవి ఎవరికీ అక్కర్లేదు. నీ సంచి తీసుకురా.”

అతను కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. గుమ్మం పక్కనే ఉన్న సంచి ఎవరైనా చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. కోడలు ఒక అడుగు వేయబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

“వాడి వస్తువులు వాడే తీయాలి.”

చివరికి అతనే తెచ్చాడు. స్క్రూడ్రైవర్లు, టెస్టరు, గ్రీజు డబ్బా, నల్ల టేపు, నూనె గుడ్డ, ఖాళీ టిఫిను డబ్బా. అన్నీ బల్ల మీదికి వచ్చాయి. సంచి అడుగున జిప్పు ఉన్న చిన్న అర ఉంది. దాని మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. తల్లి అతని మొహం వైపు చూడలేదు. చేతి వైపే చూస్తోంది. అతను జిప్పు లాగాడు. ప్లాస్టిక్కు కవరులో పెట్టిన కార్డు తీసి, గ్రీజు అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల మీద పెట్టాడు.

“సోమవారం మళ్ళీ అక్కడే పెట్టేసేవాణ్ణి,” అన్నాడు.

ఎవరూ అడగకుండానే అతనే చెప్పుకుంటూ పోయాడు. తన సీనియర్ మెకానిక్ భార్య ఏదో ట్రైనింగుకని వెళ్ళి ఇంక తిరిగి రాలేదట. మొదటి నోటీసు మనింటికే వస్తుందని అక్క కూడా ఫోనులో భయపెట్టిందట. చదువు వద్దనలేదు, ఈసారికి తప్పిపోతే వచ్చే ఏడాదికి మనసు మారుతుందనుకున్నాడట. లైటు కొన్నప్పుడు నిజంగా మంచి మనసుతోనే కొన్నాడట.

“ఒక్కావిడ తిరిగి రాకపోతే,” అంది తల్లి, “ఇంకెవరూ రారని ఎక్కడుందిరా?”

అతను నూనె గుడ్డ తీసుకుని, మురికి లేని స్క్రూడ్రైవరు తుడవడం మొదలుపెట్టాడు.

కోడలు కార్డు తీసుకుంది. మెడలోంచి టేపు తీసి, తాళంచెవి ముడి విప్పి అత్త ముందు పెట్టింది. బల్ల మీద మిగిలిన మూడు ఎర్ర గుండీలూ ఏరి సంచిలో వేసి, సంచిని మేకుకి తగిలించి వచ్చింది. మిషను మీద నుంచి పుస్తకం తెచ్చి, గుర్తు పెట్టిన పేజీ తీసి అత్త చేతికిచ్చింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

“సీటొస్తే సాయంత్రం కాలేజీలో చేరను,” అంది. “పక్క ఊళ్ళో పెద్ద కాలేజీలో చేరతాను. హాస్టల్లో ఉంటాను.”